చేను ఎండితే కొట్టు మూత
(ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మనం మాట్లాడేది ఎప్పుడూ మూడు సంగతులే. నీళ్లు, నిధులు, ఉద్యోగాలు. అవి తప్పని మేం అనడం లేదు. ఆ మూడు మాటలనీ గోడల మీద రాసినవాళ్లలో, ధర్నాల్లో గొంతు పోయేలా అరిచినవాళ్లలో మేమూ ఉన్నాం. అయితే ఈ మూడూ ఒక సామాన్యుడి ఇంట్లోకి ఏ దారిన వస్తాయి, ఏ దారిన రాకుండా ఆగిపోతాయి అన్నది మనం తక్కువగా మాట్లాడుకున్నాం. అందుకే ఈరోజు ఒక చిన్న ఊరి గురించి చెప్పడానికి వచ్చాం. ఊరు పాతపట్నం. శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దు మీద ఉన్న మండల కేంద్రం. అవతలికి పోతే పర్లాకిమిడి. పక్కనే మహేంద్రతనయ.

ఆ ఊళ్లో రైతు అంటే ఎవరు, వ్యాపారి అంటే ఎవరు అని అడిగితే చాలాసార్లు ఒకే ఇంటిని చూపిస్తారు. మనం పుస్తకాల్లో చదువుకున్నది వేరు. రైతు ఒక పక్క, షావుకారు ఇంకో పక్క. ఒకడు దోచుకునేవాడు, ఒకడు దోపిడీకి గురయ్యేవాడు. పెద్ద మిల్లుల దగ్గర, పెద్ద మండీల దగ్గర ఆ లెక్క ఇప్పటికీ నిజమే. కానీ పాతపట్నం లాంటి చిన్న బస్తీల్లో రోడ్డు పక్కన పన్నెండడుగుల కొట్టు పెట్టుకుని ఎరువులో, కిరాణానో, గుడ్డలో అమ్మేవాడికి ఊళ్లో రెండు మూడెకరాలు ఉంటాయి. పొద్దున్న చేనుకు వెళ్లి మడవ చూసుకుని, పది గంటలకు వచ్చి కొట్టు తలుపు తీస్తాడు. చేను ఒక్కటే పెడితే ఇల్లు గడవదు గనక కొట్టు పెట్టాడు. కొట్టుకు పెట్టుబడి కావాల్సి వచ్చినప్పుడు చేను కాగితాలే బ్యాంకులో పెట్టాడు. చేను కొట్టుకు జామీను, కొట్టు చేనుకు మదుపు. రెండింట్లో ఏది కుంటినా రెండోది కూలబడుతుంది.

ఈ మనిషిని మన ఉద్యమం ఎక్కడ పెట్టింది? రైతు సంఘం సభలో అతను వ్యాపారి. వర్తక సంఘం సభలో అతను పల్లెటూరి రైతు. ఉద్యోగుల సభలో అతని మాటే రాదు. బందు పిలుపు ఇచ్చినప్పుడు మాత్రం మొదట తలుపు వేయాల్సింది అతనే.

ఇప్పుడు అతని ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. జూన్‌లో ఆకుమళ్లు పోస్తారు. వాన కనికరిస్తే జూలై, ఆగస్టుల్లో ఉభాలు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, ఆ తర్వాత కుప్పలు, నూర్పులు. తడి మిగిలితే వరి చేలో పెసరో మినుమో చల్లుతారు. ఇది చేను పంచాంగం. కొట్టుదీ అదే పంచాంగం, కాకపోతే తలకిందులు. చేలో పని ఉన్న నెలల్లో కొట్లో సరుకు పోతుంది గానీ డబ్బు రాదు. యూరియా, పురుగుమందు, పప్పు, నూనె, పిల్లల పుస్తకాలు, అన్నీ పద్దు. "దాన్యం డబ్బులు పడ్డాక ఇచ్చేత్తాను బావూ" అన్న మాట మీద ఆరు నెలలు కొట్టు నడుస్తుంది. కాదంటే బేరం పోతుంది. పైగా అడిగినవాడు పక్క చేను వాడు, మేనమామ వరసవాడు. ఎలా కాదంటాడు?

అదే కొట్టుకు సరుకు పోసే హోల్‌సేల్ వర్తకుడు పర్లాకిమిడిలోనో, నరసన్నపేటలోనో, విశాఖలోనో ఉంటాడు. అతనికి వరసలుండవు. పదిహేను రోజులో, నెలో గడువు. ఆ తర్వాత సరుకు ఆగిపోతుంది. ఆరు నెలల అప్పు ఇచ్చేవాడికి నెల రోజుల అప్పే పుడుతుంది. మధ్యలో ఉన్న ఐదు నెలల గోతిని పూడ్చేది ఎవరు? ఆ ఇంటి ఆడవాళ్ల మెడలో బంగారం. అది చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీ. నూటికి రెండంటే మనకు చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి ఇరవై నాలుగు. సకాలంలో కట్టిన రైతుకు పంట రుణం మీద పడే వడ్డీ నాలుగు శాతం అని పాలకులు చెబుతారు. నిజమే. అది బ్యాంకు మెట్లెక్కగలిగిన రైతుకు, పట్టా పుస్తకం తన పేరున ఉన్న రైతుకు. కౌలుకు చేసుకునేవాడికి ఆ మెట్లే కనపడవు.

ఒక లెక్క వేసుకుందాం. మూడెకరాల ఇల్లు అనుకోండి. కాలం కలిసొచ్చి ఎకరానికి ఎనభై కిలోల బస్తాలు పాతిక పండాయనుకోండి. అంటే మొత్తం 75 బస్తాలు, 60 క్వింటాళ్లు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఒక్క గింజ కూడా తిండికి ఉంచుకోకుండా అమ్మేస్తే 1,42,140 రూపాయలు. దుక్కి, విత్తనం, ఉభాల కూలి, ఎరువు, మందు, కోత యంత్రం, మోత అన్నీ కలిపి ఎకరానికి ముప్పై వేలని తక్కువలో తక్కువగా వేసుకుందాం. తొంభై వేలు. మిగిలింది 52,140. పన్నెండు నెలలకు పంచితే నెలకు నాలుగు వేల మూడు వందల చిల్లర. ఇదీ అన్నదాత జీతం! ఇక్కడ కూర్చున్న ఉద్యోగ మిత్రులు కరువు భత్యం ఒక విడత ఆలస్యమైతేనే వినతిపత్రాలు ఇస్తారు. తప్పు లేదు, హక్కు అది. చేనుకు కరువు భత్యం ఉండదని గుర్తు చేస్తున్నాం, అంతే.

లెక్క ఇంకా అయిపోలేదు. మిల్లు దగ్గర తేమ ఎక్కువుందనో, నూకవుతుందనో బస్తాకు మూడు కిలోలు అదనంగా తీశారనుకోండి. 75 బస్తాలకు 225 కిలోలు. ధర కడితే 5,330 రూపాయలు. డబ్బు పడటం రెండు నెలలు ఆలస్యమైతే, బయట తెచ్చిన లక్షకు నూటికి రెండు చొప్పున ఇంకో నాలుగు వేలు. రెండూ కలిపి 9,330. మిగిలిందన్న 52 వేలలో ఆరో వంతు కంటే ఎక్కువ. చేలో పురుగు తినలేదు, తుపాను తినలేదు. కళ్లానికీ మిల్లుకూ మధ్య ఉన్న రోడ్డు మీదే అది పోయింది.

శ్రీకాకుళం జిల్లాలో ఎనభై కిలోల బస్తా మీద అదనపు తూకం అన్న మాట కొత్తది కాదు. ప్రతి సీజన్లో ఆ మాట వస్తుంది, అధికారులు తనిఖీ అంటారు, సీజను పోతుంది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారేనాటికి రైతులకు చెల్లించాల్సిన ధాన్యం బకాయిలు 1,600 కోట్లు దాటి ఉన్నాయి. ఆ తర్వాత బకాయిలు తీర్చారు. 48 గంటల్లో డబ్బు వేస్తామన్నారు. వేసినచోట రైతు సంతోషించాడు, మనమూ సంతోషిద్దాం. కానీ ఆ 48 గంటల గడియారం తిరగడం మొదలయ్యేది ధాన్యం మిల్లుకు చేరి కాగితానికెక్కాక. సంచులు రాక, లారీ దొరకక, మిల్లు బ్యాంకు గ్యారంటీ పరిమితి అయిపోయిందని కొనుగోలు ఆగి, కళ్లంలో కుప్ప మీద టార్పాలిన్ కప్పి మబ్బు వైపు చూస్తూ గడిపిన రోజులు ఏ గడియారంలోనూ ఉండవు. అప్పుడే ఊళ్లోకి దళారీ వస్తాడు. చేతిలో నోట్లుంటాయి. మద్దతు ధరకు వంద, నూట యాభై తక్కువిస్తానంటాడు. కొట్టు అప్పు నెత్తిన ఉన్న రైతు ఇచ్చేస్తాడు.

ఇంతకంటే పెద్ద ముచ్చట అవతల ఉంది. 2024-25 ఖరీఫ్ నుంచి ఒడిశా ప్రభుత్వం మద్దతు ధర 2,300కు పైన క్వింటాలుకు 800 రూపాయలు తన ఖజానా నుంచి కలిపింది. అక్కడి రైతుకు 3,100 వచ్చాయి. అంటే ఎనభై కిలోల బస్తాకు 2,480. అదే వాన, అదే మహేంద్రతనయ, పక్కపక్క చేలు. పాతపట్నం రైతుకు ఆ ఏడాది బస్తాకు 1,840. ఒక్కో బస్తాకు 640 రూపాయల తేడా. మూడెకరాల ఇంటికి 75 బస్తాల మీద 48 వేలు! మనం ఇందాక ఏడాది పొడుగునా కష్టపడి మిగిల్చామన్న సొమ్ముకు దాదాపు సమానం. గట్టు దాటించి అమ్ముదామంటే అది దొంగ రవాణా. పట్టుకుంటారు. బియ్యం, బట్ట, బంధుత్వం దాటగలిగిన గీతను రైతు ధాన్యం మాత్రం దాటకూడదు.

మిత్రులారా, ఆ గీత గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఎందుకంటే మనం కూడా ఒక గీత గీయమని అడుగుతున్నవాళ్లం.

పర్లాకిమిడి జమీందారీకి పాతపట్నం ప్రాంతం పెరటి దొడ్డి లాంటిది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడింది. రాజావారు తన సంస్థానానికి వేయించుకున్న లైను. ఆ దారి మీదే పాతపట్నం. కొండ మీది సవర గూడేల నుంచి చింతపండు, పసుపు, చీపుళ్లు దిగేవి. పల్లం నుంచి ధాన్యం వచ్చేది. సముద్రం వైపు నుంచి ఉప్పు, ఎండుచేప ఎక్కేవి. ఒక్క సంతగా నడిచిన ప్రాంతమది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం అటు పోయింది. పాతపట్నం, టెక్కలి ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఒడిశాకు ప్రధానమంత్రి అయ్యారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని నిరసించి, జీవితమంతా గడిపిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. రాజుకు పదవి దొరికింది. పంతులుగారికి రాజమహేంద్రవరం దొరికింది. చేను ఇటూ, సంత అటూ అయిపోయిన రైతు ఎక్కడికి పోతాడు? కొట్టు మూట కట్టుకుని వెళ్లేది కాదు కదా!

అక్కడి నుంచి పాతపట్నం కదలకుండానే ఎన్ని ఊళ్లు తిరిగిందో చూడండి. 1936 దాకా గంజాం జిల్లా. తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా. 1953లో మద్రాసు పోయి కర్నూలు రాజధాని. 1956లో హైదరాబాదు. 2014 తర్వాత అమరావతి. 2022లో జిల్లాలు మళ్లీ కోశారు. పాలకొండ, భామిని పార్వతీపురం మన్యంలోకి పోయాయి, పాతపట్నం శ్రీకాకుళంలోనే ఉంది. రాజధానులు మారినప్పుడల్లా పాతపట్నంలో మారింది రశీదు మీది ముద్ర. ఇప్పటికీ ఆ ఊరికి అమరావతి కంటే భువనేశ్వరమే దగ్గర.

పెద్ద పేర్లకు మాత్రం కొదవ లేదు. 1952లో తొలి లోక్‌సభకు పాతపట్నం నుంచి గెలిచింది వి.వి.గిరి. కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1996 ఉప ఎన్నికలో శాసనసభకు లక్ష్మీపార్వతి ఇక్కడి నుంచే గెలిచారు. రాష్ట్రమంతా పాతపట్నం వైపు చూసిన రోజులవి. ఓట్ల లెక్క అయ్యాక చూపులు తిరిగిపోయాయి.

ఆ చిన్న రైలు సంగతి కూడా చెప్పాలి. పెద్ద లైనుగా మార్చడానికని 2004లో ఆపేశారు. మళ్లీ పర్లాకిమిడి దాకా రైలు నడిచేసరికి 2010 అయింది, గుణుపురం దాకా 2011. మధ్యలో ఆరేళ్లు. గంప నెత్తిన పెట్టుకుని రైలెక్కే కూరగాయల మనిషికి, ఒక మూట సరుకుతో దిగే చిల్లర వర్తకుడికి ఆరేళ్లు రైలు లేకపోవడమంటే ఏమిటో ఢిల్లీ ఫైళ్లలో ఉండదు. ఆ ఆరేళ్లూ ఆటోలు, జీపులు తిన్నాయి.

దెబ్బలు పడినప్పుడు చేను, కొట్టు విడివిడిగా పడవని చెప్పడానికి మూడు తేదీలు చాలు. 2016 నవంబరు 8. పెద్ద నోట్ల రద్దు. సరిగ్గా కోతల వేళ. రైతు చేతికి కూలికివ్వడానికి నోటు లేదు, కొట్టు పద్దు తీర్చడానికి నోటు లేదు. 2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను మన జిల్లా తీరాన్నే దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి కూలిపోయాయి. ఎగువన గజపతి జిల్లా కొండల మీద పడ్డ వాన మహేంద్రతనయ, వంశధార నిండా వచ్చింది. వరి పొట్ట మీద ఉన్న సమయం. నష్టపరిహారం లెక్కలో చేను ఉంది. ఆ చేను మీద నమ్మి ఆరు నెలలు అరువిచ్చిన కొట్టు ఏ లెక్కలోనూ లేదు. తర్వాత 2020 మార్చి. లాక్‌డౌన్‌లో రాష్ట్ర సరిహద్దులు మూశారు. హైదరాబాదు వాడికి సరిహద్దు అంటే టీవీలో కనిపించే గేటు. పాతపట్నం కొట్టుకు బేరంలో పెద్ద పాలు అవతలి ఊళ్లది. నీలమణి దుర్గమ్మ గుడికి వచ్చే ఒడిశా భక్తుడే కొబ్బరికాయ కొట్టుకు ఆధారం. ఆ గేటు పడితే సగం ఊరికి పొయ్యి వెలగదు.

రుణమాఫీలనూ ఈ కళ్లతో చూడండి. 2008లో కేంద్రం చేసింది. 2014 తర్వాత రాష్ట్రం విడతలుగా మొదలుపెట్టి చివరి విడతలు ఇవ్వకుండానే దిగిపోయింది. రెండు మాఫీల్లోనూ లెక్క బ్యాంకు అప్పుకే. కొట్టు పద్దులో ఉన్న అరువును ఏ ప్రభుత్వమూ అప్పు కింద గుర్తించలేదు. బ్యాంకు అప్పు రద్దయిన రైతు ముందు కొట్టు బాకీ కడతాడేమో అనుకుంటాం. కట్టలేడు. బయటి వడ్డీవాడు ముందు నిలబడతాడు. బంధువు, స్నేహితుడు అయినవాడి బాకీ ఎప్పుడూ చివర. అందుకే పండిన ఏడు కూడా కొట్టులో పాత బాకీ పేజీలు తెల్లబడవు. నాలుగేళ్లు అలా సాగాక తలుపు మీద "అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు పడుతుంది. షావుకారు గారి అబ్బాయి వలస కూలీలతో పాటు రైలెక్కుతాడు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాకంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయారు. శిథిలాల కింద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనుషులు ఎంతమందో! వాళ్లంతా కూలి కుటుంబాల్లోనే పుట్టారని అనుకోకండి. వలసపోయేవాళ్లలో ఒకనాటి రైతు ఉంటాడు, ఒకనాటి కొట్టు యజమాని కొడుకు ఉంటాడు.

ఇక నీళ్లు. గొట్టా బ్యారేజీ మా జిల్లాకు అన్నం పెట్టిందని మేం ఎక్కడైనా చెబుతాం. కానీ మహేంద్రతనయ పాతపట్నం దాటి వెళ్లాకే వంశధారలో కలుస్తుంది, ఆ తర్వాతే గొట్టా. ఎడమ కాలువ టెక్కలి, పలాస వైపు పోతుంది. నీరు పల్లమెరుగు. కాలువ వెనక్కెక్కి పాతపట్నం మెట్టకు రాదు. పక్కన హిరమండలంలో 19 టీఎంసీల జలాశయం కట్టారు. అందుకోసం 2017లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. నేరడి దగ్గర బ్యారేజీ మాట తరాలుగా నడుస్తోంది. వంశధార నీటిని రెండు రాష్ట్రాలకు చెరి సగం అని 1962లోనే ఒప్పందముంది. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో అది తీర్పు ఇచ్చింది, ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. మహేంద్రతనయ మీద ఆఫ్‌షోర్ జలాశయానికి 2008లో శంకుస్థాపన చేశారు. 2023 నాటికీ అది పూర్తి కాలేదు. మరి పాతపట్నం చుట్టుపక్కల ఎగువ చేలకు దిక్కేది? చెరువులు, గెడ్డలు. చెరువు పూడిక తీయడానికి ఏ ట్రిబ్యునల్ తీర్పూ అక్కర్లేదు. ఒడిశా అనుమతి అక్కర్లేదు. మదుము తలుపు బాగు చేయడానికి సుప్రీంకోర్టు అడ్డం రాదు. అది కూడా జరగలేదంటే ఏమనాలి? అంతర్రాష్ట్ర వివాదం వెనకాల నిర్లక్ష్యం హాయిగా నిద్రపోతోందని అనాలి.

నిధుల మాటకొద్దాం. రాష్ట్ర విభజన తర్వాత వెనకబడిన ఏడు జిల్లాలకు కేంద్రం ప్రత్యేక సాయం అంది. జిల్లాకు ఏటా 50 కోట్లు. వినడానికి బాగుంది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనం 27 లక్షల మూడు వేలు. భాగిస్తే మనిషికి ఏడాదికి 185 రూపాయలు! 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఢిల్లీ ఇచ్చిన ప్రత్యేక సాయం ఒక మనిషికి బస్తా యూరియా కొనడానికి సరిపోలేదు. అదీ మూడు విడతలు వచ్చాక 2018లో నాలుగో విడత వేసినట్టే వేసి వెనక్కి తీసుకున్నారు.

ఇంతవరకు విని మీలో కొందరు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు చెప్పేదానికి కొడతారో లేదో తెలియదు.

ఇవన్నీ చూపించి "అందుకే మన రాష్ట్రం మనకు కావాలి" అని ముగించడం మాకు చేతకాక కాదు. ఆ ముక్క ఎన్ని సభల్లో చెప్పామో! కానీ 1936లో గీసిన గీత భాష పేరుతో వచ్చింది. 1953లో వచ్చింది భాష పేరుతోనే. 2014లో వచ్చిన తెలంగాణ ఆత్మగౌరవం పేరుతో వచ్చింది. అది వందలమంది ప్రాణత్యాగాల మీద వచ్చింది, దాని ముందు తల వంచుతాం. ఆ రాష్ట్రంలోనే 2018 మేలో రైతుబంధు తెచ్చారు. ఎకరానికి పంటకు నాలుగు వేలు. దేశమంతా మెచ్చుకుంది. అయితే ఆ సొమ్ము పట్టా ఉన్నవాడి ఖాతాలో పడింది. చేను దున్నే కౌలురైతుకు పడలేదు. ఉద్యమంలో జెండా మోసినవాళ్లలో కౌలుదారు లేడా? రాష్ట్రం వచ్చాక పథకం రాసే బల్ల దగ్గర అతను లేడు, అంతే తేడా. ఇక్కడ మన ఆంధ్రలో 2019 చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తామంది, భూయజమాని సంతకం తెమ్మంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు రాకపోతే బ్యాంకు రాదని కౌలుదారు బాధ. చివరికి ఇద్దరూ వచ్చి నిలబడేది కొట్టు గుమ్మంలోనే.

కాబట్టి రాష్ట్రం కోరేవాళ్లుగా మన మీద ఒక బాకీ ఉంది. కొత్త గీత గీస్తే పాతపట్నం కొట్టుకు, చేనుకు ఏం మారుతుందో ముందే రాసి చూపించాలి. ఒడిశా 800 ఇచ్చినప్పుడు మన చిన్న రాష్ట్రం ఖజానా నుంచి ఎంత ఇవ్వగలదు? విశాఖ రేవు, ఉక్కు, పరిశ్రమల పన్ను మన వాటాకు ఎంత వస్తుంది? సరిహద్దు మండలాల ధాన్యానికి రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదర్చగలమా? చిల్లర కొట్టుకు పంట కాలమంత గడువుతో బ్యాంకు అప్పు ఇప్పించగలమా? పెట్టుబడి సాయం దున్నేవాడికి ఇస్తామని కాగితం మీద రాయగలమా? వీటికి జవాబు లేకుండా పాతపట్నం వెళ్లి జెండా పట్టుకోమంటే అతను పట్టుకుంటాడు. మర్యాదస్తుడు. బందు రోజున తలుపూ వేస్తాడు. మర్నాడు తలుపు తీసి పాత పద్దు ముందేసుకుంటాడు.

2020లో రైతు భరోసా కేంద్రాలు పెట్టినప్పుడు ఎరువు ఊళ్లోకే వచ్చిందని రైతు మురిశాడు. సరైన ధరకు దొరకడం మంచిదే, కల్తీ తగ్గడం మంచిదే. అయితే అక్కడ నగదు కావాలి. పట్నంలో కొట్టు అరువిచ్చేది. నగదున్న రైతు కేంద్రానికి వెళ్లాడు, లేని రైతు కొట్టుకే వచ్చాడు. మంచి బేరం పోయి మొండి బాకీలు మిగిలాయి. ఇది ఎవరి కుట్రా కాదు. పథకం రాసినవాడికి కొట్టు ఏం పని చేస్తుందో తెలియకపోవడం. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం తెల్లవారకుండా వరసలు కట్టినప్పుడు రైతు కోపం మొదట పడింది ఆ కొట్టువాడి మీదే. "దాచేశావ్" అన్నారు. దాచినవాళ్లు ఉండొచ్చు, ఉంటే శిక్షించాలి. కానీ రాని సరుకును ఎక్కడ దాస్తాడు? పక్కపక్క చేల వాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుంటుంటే, సరుకు పంపనివాడు చల్లగా ఉన్నాడు.

చివరగా ఒక పని అప్పగిస్తాం. విద్యార్థులు సంక్రాంతికి ఊళ్లకు వెళ్తారు. అప్పటికి నూర్పులు అవుతుంటాయి, కొనుగోళ్లు నడుస్తుంటాయి. మీ ఇంట్లో, పక్కింట్లో ధాన్యం కళ్లంలో కుప్పపడిన తేదీ, సంచులిచ్చిన తేదీ, ట్రక్ షీటు తేదీ, డబ్బు పడిన తేదీ, బస్తాకు ఎన్ని కిలోలు తూచారో, ఈ ఐదూ కాగితం మీద రాసుకోండి. మీ ఊరి కొట్టుకు వెళ్లి, పేర్లు అడక్కండి, బయట నిలిచిన అరువు మొత్తం ఎంత, హోల్‌సేల్ గడువు ఎన్ని రోజులు అన్న రెండు ముక్కలే అడగండి. రెవెన్యూలో, పౌర సరఫరాల్లో, సహకార బ్యాంకుల్లో ఉన్న ఉద్యోగ మిత్రులు నిబంధనలు దాటకుండానే చెప్పగలిగింది చాలా ఉంది. ఏ ఉత్తర్వు ఎక్కడ ఆగుతుందో మీకు తెలిసినట్టు మాకు తెలియదు. పాతపట్నం, మెళియాపుట్టి, కొత్తూరు, హిరమండలం, ఎల్.ఎన్.పేట, ఈ ఐదు మండలాల నుంచి మండలానికి ఇరవై ఇళ్ల చొప్పున వంద ఇళ్ల లెక్క వస్తే, ఫిబ్రవరిలో దాన్ని ఇదే పత్రికలో పేజీలకు పేజీలు అచ్చు వేస్తాం. కలెక్టరు గారికి ఒక ప్రతి, మన నాయకులకు ఒక ప్రతి. కాగితం, పెన్ను మీవి. పోస్టు ఖర్చు మాది.